ఎదురింటి పైలం

ముప్పై రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. ప్రకృతి వికృతుల్లో నన్ను తప్పు పట్టినవాళ్ళు తెనాలిలో ఎవరూ లేరు. ఉన్నా నా ముందు అనలేదు. ఆ గర్వంతోనే రిటైరయ్యాక మా ఆయనతో సికింద్రాబాద్ వచ్చాను. బేగంపేటలో ఆడపడుచు ఉంది, దగ్గరగా ఉండొచ్చని ఆయన బొల్లారం దాటాక కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ కొన్నారు. బొల్లారానికీ బేగంపేటకీ ఎంత దూరమో కొన్న తరవాత తెలిసింది.

మూడు బ్లాకులు, రంగు వాసన పోని మెట్లు, మోకాలెత్తు కూడా లేని మొక్కల ముందు 'పార్కు' అని బోర్డు. మనుషులు మాత్రం కనపడరు. లిఫ్టులో కనపడినవాళ్ళు మారే అంకెల్ని పరీక్షకి చదువుతున్నట్టు చదువుతారు. తెనాలిలో సాయంత్రం పాలు తోడేసే వేళకి నాలుగు గుమ్మాలు తిరగందే నాకు పొద్దు పోయేది కాదు. ఇంట్లో గిన్నెడు పెరుగు పెట్టుకుని కూడా తోడు అడగడానికి వెళ్ళేదాన్ని. ఇక్కడా అలాగే గిన్నె పట్టుకుని పై అంతస్తులో ఒక తలుపు కొట్టాను. అది బెత్తెడు తెరుచుకుంది.

"యాప్‌ల పెట్టుకోండ్రి ఆంటీ, పది నిమిషాల్ల పెరుగు పాకెట్ తెస్తరు," అంది ఒకమ్మాయి. పాపం, సాయం చేస్తున్నాననే అనుకుంది.

ఖాళీ గిన్నెతో వెనక్కొచ్చి మా ఆయన మీద పడ్డాను. "నాకు బెల్లు కొట్టకుండా వెళ్ళగలిగే గుమ్మం ఒక్కటి కావాలి. ఒక్కటి చాలు. దొరక్కపోతే నేను తెనాలి పోతాను, మీరు మీ చెల్లెలి దగ్గరుండండి," అన్నాను.

"అది బెల్లు కొట్టినా తియ్యదు," అన్నారాయన.

నేను కన్నేసింది ఎదురింటి గుమ్మం మీద. ఆవిడ నా ఈడుదే. సిద్దిపేట వైపు వాళ్ళని వాచ్‌మన్ చెప్పాడు. రోజూ గడప కడిగి ముగ్గేసుకునే ఇల్లు మా అంతస్తులో అదొక్కటే. తలుపు పక్కన చిన్న చెక్క పలక ఉండేది. పైన 'కుక్క ఉన్నది' అని, కింద ఇంకా పెద్ద అక్షరాల్లో 'పైలం' అని. నాకు ముచ్చటేసింది. లోకమంతా తలుపుల మీద తమ పేర్లూ డిగ్రీలూ రాసుకుంటుంటే, వీళ్ళు కుక్క పేరు రాశారు. ఎంత సంస్కారం అనుకున్నాను.

"పైలం ఏం పేరు?" అన్నారు మా ఆయన.

"ప్రకృతి ప్రళయం, వికృతి పైలం," అన్నాను తడుముకోకుండా. తడుముకోకుండా చెప్పినవన్నీ నిజాలని మా బడిపిల్లలు నమ్మేవారు. నేనూ నమ్మేదాన్ని.

చూస్తే అది ప్రళయం లాంటిదేం కాదు. గోధుమరంగు వీధికుక్క, తిని బలిసింది, ఒక చెవి వేలాడుతూ ఉంటుంది. ఆవిడ పొద్దున్నే దాన్ని పార్కుకి తీసుకొచ్చి తాడు విప్పేది. మనిషిని పట్టాలంటే ముందు కుక్కని పట్టాలని నేను కొంగున నాలుగు బిస్కెట్లు కట్టుకుని వెళ్ళేదాన్ని. అల్లంత దూరాన అది కనపడగానే, తరగతిలో చివరి బెంచీకి వినపడే గొంతుతో, "పైలం, పైలం" అని పిలిచేదాన్ని. అది బిస్కెట్ల కోసం చెవి ఎగరేసుకుంటూ నా మీదికి దూకుతూ వచ్చేది. నేను రెండు చేతులూ ఊపుతూ ఇంకా గట్టిగా పిలిచేదాన్ని.

ఆ పిలుపుకి పార్కు ఖాళీ అయ్యేది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కేవారు. వాకింగుకి వచ్చే పెద్దాయన ఒకరు చేతికర్ర అడ్డం పెట్టుకుని గేటు దాకా వెనక్కి నడిచేవారు. నోరులేని జీవమంటే ఈ ఊరివాళ్ళకి బొత్తిగా దయ లేదని నాకు ఒళ్ళు మండేది. దానికంటే పెద్ద బాధ, కుక్క మచ్చికైంది గాని ఆవిడ కాలేదు. నన్ను చూస్తే మొహం ముడుచుకుని, కుక్కకి తాడు తగిలించి లాక్కుపోయేది. మొహమాటస్తురాలు కాబోలనుకుని మర్నాడు ఇంకో రెండు బిస్కెట్లు ఎక్కువ కట్టుకున్నాను.

ఇలా రెండు నెలలు గడిచాక అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కుక్కతో అందరూ పరేషాన్ అవుతున్నారు, దాన్ని ఉంచాలా పంపాలా ఆదివారం సాయంత్రం మీటింగులో తేలుద్దాం అని. దాని కింద ఎదురింటావిడ పెట్టింది: 'అది పోతే మేం సుత పోతం. ఫ్లాట్ కిరాయికిచ్చి పోతం.'

ఉన్న ఒక్క గుమ్మమూ చేజారిపోతోంది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు దేని గురించి చెప్పారో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ కుక్కని కాపాడు అని ప్రార్థించాను.

మీటింగు సెల్లార్‌లో, కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెట్టారు. అంతమంది ఒకచోట చేరడం అదే మొదటిసారి. ఎదురింటావిడ చివరి కుర్చీలో కూర్చుంది, కుక్క ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది. సెక్రటరీ లేచి నావైపు తిరిగాడు.

"మేడమ్, మీరు చెప్పుండ్రి. దీని తోని ఎక్కువ తక్లీఫ్ మీకే ఉన్నట్టున్నది. రోజు మీరు హుషారు చెయ్యకుంటే ఎంతమందిని కరిచేదో."

నేను కుక్కని హుషారు చేస్తున్నానని మెచ్చుకుంటున్నాడనుకున్నాను. లేచి కొంగు సర్దుకున్నాను.

"పైలం ఎవర్నీ కరవదు. నేనొచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ నాతో ప్రేమగా ఉన్నది పైలం ఒక్కటే. పైలం కనపడితే పిల్లల్ని పరిగెత్తనివ్వకండి, దగ్గరికి వెళ్ళి తల నిమరమనండి. పైలాన్ని పంపించేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను," అన్నాను.

ఎదురింటావిడ మెల్లగా లేచింది.

"పైలం ఎవలు?"

"మీ కుక్కేనండీ."

"మా కుక్క పేరు పైలమని మీకెవలు చెప్పిన్రు?"

"మీ గుమ్మం పక్కనే రాసుంది కదండీ. కుక్క ఉన్నది, పైలం అని."

ఆవిడ కూర్చుండిపోయింది. ముందు సెక్రటరీ నవ్వాడు. తరవాత ఇక ఎవరూ ఆగలేదు. పెద్దాయన చేతికర్ర వదిలేసి మరీ నవ్వారు. ఎందుకో నాకొక్కరూ చెప్పరే. చివరికి పెరుగు పాకెట్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ అంది, "పైలమంటే జాగ్రత్త ఆంటీ. మీరు రోజు పొద్దుగాల జాగ్రత్త, జాగ్రత్త అని మొత్తుకుంటుంటే మేం ఉరుకుతున్నం."

పదిలం. పదిలమే పైలమైంది. సెక్రటరీ అన్న హుషారు చెయ్యడమూ హెచ్చరించడమేనట. ముప్పై రెండేళ్ళు పిల్లలచేత పదిలానికి అర్థం రాయించినదాన్ని. మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ప్రకృతి ఏంటన్నావ్?" అన్నారు. ఆయన కాలు తొక్కాను.

కుక్క ఉండొచ్చని తేల్చడానికి రెండు నిమిషాలు పట్టింది. దాని అసలు పేరేమిటని ఎవరో అడిగితే, పేరేం పెట్టలేదు, "బిడ్డా అంటే అస్తది" అంది ఆవిడ. మీటింగు అయిపోయినా ఎవరూ పైకి వెళ్ళలేదు. కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఏ ఊళ్ళో ఏ మాటతో ఏ తంటా పడ్డారో చెప్పుకోవడం షురూ చేశారు. లిఫ్టులో అంకెలు చదివేవాళ్ళే వీళ్ళంతా అంటే నమ్మలేం. నేను మాత్రం సిగ్గుతో చచ్చి పైకొచ్చేశాను.

కాసేపటికి ఎదురింటావిడ మా ఇంటికి వచ్చింది. సోఫా చూపిస్తే వద్దని, చల్లగా ఉందని నేల మీద కూర్చుంది.

"రెండు నెలల సంది మీ తోని కొట్లాట పెట్టుకున్న," అంది. "మా కుక్క మీద అందరికి లేనిపోనివి చెప్తున్నరనుకున్న. మీరు బట్టలారేసుకుంటే అటు దిక్కు సుత చూడలే. మీకు తెల్వదా?"

"తెలీదండీ. మొహమాటం అనుకున్నాను."

"మస్తు తిట్టుకున్న. పొద్దుగాల లేస్తే మీరే యాదికొస్తుంటిరి. పండేటప్పుడు సుత మీరే."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని ఇళ్ళలో నన్ను తలుచుకునే మనిషే లేదని నేను కుమిలిపోతుంటే, ఎదురింట్లో ఒకావిడ రెండు పూటలా తలుచుకుంటూనే ఉంది. ఏమేం తిట్టుకుందో ఒక్కటీ వదలకుండా చెప్పమని అడిగాను. చెప్పింది. సగం మాటలకి నాకు అర్థం తెలియలేదు. ఆపి ఆపి అడిగితే, విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది.