బిందు రాసేది ప్రోగ్రామే

దోర్నపాల్‌లో, అడవి సరుకు అమ్మే మా ఆడవాళ్ల సంఘంలో నేను తూకం చూస్తాను. బిందు వెబ్ పేజీలు రాస్తుంది. కోపం ఆ పిల్లకు ముక్కు మీదే ఉంటుంది. “బొమ్మలేసే పిల్ల” అన్నవాణ్ణి నాలుగు దులిపిగాని వదలదు. నాకు ఆ కోపమే ఇష్టం.

ఏ ఊళ్లో ఎంత చింతపండు ఉందో ఆడవాళ్లు ఫోన్లో నింపితే సంఘం జీపు వెళ్లి తెస్తుంది. వాళ్లకు కనిపించే పేజీ బిందుది. వచ్చిన వివరాలు దాచే సర్వర్ బీజాపూర్‌లో ఉండే దుర్గేశ్‌ది. పేజీ పూర్తికాగానే దుర్గేశ్ మా సంఘం పెద్ద వరహాలమ్మకు నూరిపోశాడు. ఫ్రంట్ ఎండ్, అంటే కనిపించే పేజీ పని, ఉత్త రంగులూ బటన్లేనట, అది ప్రోగ్రామింగే కాదట, ఇక ఆ అమ్మాయితో పనిలేదట. వరహాలమ్మ సరేనంది. నెలాఖరుకు బిందు ఉద్యోగం పోతుంది.

ఆ వారమే భేజ్జి వైపు పల్లె నుంచి భీమే అనే ఆమె వచ్చి బిందుపై విరుచుకుపడింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. ఎవరింట్లో వాళ్లు వివరాలు నింపుకుని, అందరి ఫోన్లూ ఒక గంపలో వేసి భీమేకిస్తారు. ఆమె గుట్టెక్కి ఒక్కొక్కటీ పంపుతుంది. ఎక్కేసరికి నింపిందంతా చెరిగిపోయి పేజీలన్నీ ఖాళీ! జీపు రాలేదు, చింతపండు వానకు తడిసిపోయింది.

ఫోన్లు గంపలో ప్రయాణం చేస్తాయని బిందు ఊహించలేదు; నింపిన చోటే పంపుతారనుకుంది. పోయే ఉద్యోగమే కదా అని ఊరుకోలేదు కూడా. నింపింది ఫోన్లోనే నిలిచేలా, సిగ్నల్ తగలగానే దానంతటదే వెళ్లేలా రాసింది. భీమేతో గుట్టెక్కి చూస్తే పనిచేయలేదు. పళ్లు కొరుకుతూ దిగొచ్చి, మళ్లీ రాసి, మళ్లీ ఎక్కింది. ఈసారి అన్నీ చేరాయి.

నెలాఖరు సమావేశానికి దుర్గేశ్ కూడా వచ్చాడు. అక్కడ బిందు వరహాలమ్మ ఫోన్లో నెట్ ఆపేసి చింతపండు వివరం నింపించింది.

“దుర్గేశన్నా, ఇది నీ సర్వర్ల ఉన్నదా?”

“నెట్ లేంది ఎట్లొస్తది? ఫోన్లనే ఉన్నది. బ్రౌజర్ దాస్తది.”

“దాయమని దానికెవరు చెప్పిన్రు? యంత్రానికి పని చెప్పుడే గదా ప్రోగ్రామింగంటే!”

దుర్గేశ్ నవ్వేశాడు. “సరే, ఉండనీ. ఉద్యోగం కాగితంల డిజైనర్ అని రాద్దాం.”

“వద్దు. పేజీ అయింది, ఇగ పో అని మళ్ల అంటరు. ప్రోగ్రామర్ అని రాయున్రి, లేకుంటే ఇప్పుడే పోత.”

చేతికొచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకుంటోందని నాకు భయమేసింది. వరహాలమ్మ దుర్గేశ్ వైపు తిరిగింది.

“ఈ పిల్ల పోతే ఈ పని నువ్వు చేస్తవా?”

అతను అబద్ధమాడలేదు, అందుకు మెచ్చుకోవాలి.

“నాకది రాదు పెద్దమ్మా.”

వరహాలమ్మ కాగితం అతని ముందుకే జరిపింది. “అయితే నీ చేతితోనే రాయి, ప్రోగ్రామర్ అని.”