నాలుగో సీసా నీళ్ళు

ఉదయం ఆరింటికి నెల్లూరులో ఉదయగిరి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఉదయగిరి పల్లెల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ మీద పరిశోధనకు నిధులు అడుగుతూ ఢిల్లీకి రాసిన ప్రపోజల్ రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి ప్రాథమిక ఆధారాలు లేవన్నారు. ఒక ఊళ్ళో ఆరు బోర్ల నీళ్ళు పరీక్షించి పట్టిక జోడించాను. రెండోసారి ఊరివాళ్ళ భాగస్వామ్యం కనబడలేదన్నారు. ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవరిచేతనైనా మద్దతు ఉత్తరం మీద సంతకం పెట్టించుకుంటే ఆ ముచ్చటా తీరుతుందని బయల్దేరాను. రేపటితో గడువు ఆఖరు.

ఏడున్నరకు ఆత్మకూరు. బస్టాండు దగ్గర ఇడ్లీ బాగుంది, చట్నీలో కారం ఎక్కువ. అక్కడ ఎక్కిన అనంతసాగరం రైతు నా ఫైలు వంక చూశాడు.

"ఏంది మేడమ్, లోనుకా?"

"కాదన్నా, పరిశోధనకు డబ్బులు అడగడానికి."

"అడిగేదానికే ఇంత లావు కట్టా!"

తొమ్మిదింటికి ఉదయగిరి. అక్కణ్ణుంచి వరికుంటపాడు వైపు షేర్ ఆటోలో అరగంట.

మరియమ్మ అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయిన మనిషి. రెండేళ్ళ కిందట నా సీసాల మీద నంబర్లు వేసింది ఆవిడే. నాలుగో సీసా ఆవిడ ఇంటి బోరుది. నన్ను చూసి మోకాళ్ళు పట్టుకుని లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"అప్పట్లో క్యాన్ నీళ్ళు కొంటా ఉన్నాము మేడమ్. మీరు పరీక్షకు పట్టుకపోయినాక మానేసినాము. బాగలేకపోతే వచ్చి చెప్తారు కదా! ఇప్పుడు మా కోడలు నీళ్ళోసుకొనుండాది, ఆ పిల్లా ఇవే తాగతాది."

చెంబు అందుకోలేకపోయాను. ఆరింటిలోనూ ఫ్లోరైడ్ ఎక్కువున్నది నాలుగో సీసాలోనే. ఆ అంకెను దళసరి అక్షరాలతో ఢిల్లీకి పంపాను. ఈ ఇంటికి చెప్పలేదు. నిధులొచ్చాక చెబుదాంలే అనుకున్నాను. ఛీ, నా చదువు తగలెయ్య!

"తాగొద్దమ్మా. ఇవాళే ఆపేయండి. కోడల్ని డాక్టరుకు చూపించండి. నాకు అప్పుడే తెలుసు."

ఆవిడ చెంబులో నీళ్ళు వాకిట్లో పారబోసింది.

"రెండేండ్లు. ఒక్క ఫోను చెయ్యలేకపోయినావా తల్లీ?"

ఫైలు తెరవలేదు. ఎందుకొచ్చానో ఆవిడే అడిగి తెలుసుకుంది. నేను టైపు చేసి తెచ్చిన కాగితం తీసుకుని, తిప్పి, వెనకవైపు రాసింది: "మా నీళ్ళు పరీక్ష చేసినారు. బాగలేవని మాకు చెప్పలేదు. రెండేండ్లు తాగినాము. ఇంకే ఊరికీ ఇట్ట చెయ్యొద్దు." కింద సంతకం పెట్టింది.

మిగతా ఐదిళ్ళకూ వెళ్ళి అంకెలు చెప్పాను. ఎవరూ కూర్చోమనలేదు.

నాలుగున్నర బస్సులో తిరుగు ప్రయాణం. ఆత్మకూరు దాటాక ప్రపోజల్ తెరిచాను. 'లబ్ధిదారులు' అన్నచోట 'ఉదయగిరి ప్రాంత ప్రజలు' అని ఉంది. ఇప్పటిదాకా వాళ్ళ నీళ్ళతో లాభపడింది నేనొక్కదాన్నే. పరిశోధనకు ఇటు వచ్చేవాళ్ళకు చెబుతున్నాను: బస్సులకు ఇబ్బంది లేదు, ముందు ఊరివాళ్ళకు చెప్పాల్సిన ఫలితాలు పట్టుకుని రండి.

రేపు ఆ కాగితం వెనకవైపే స్కాన్ చేసి జతచేస్తాను. నిధులు ఇస్తారో, మూడోసారీ తిప్పికొడతారో వాళ్ళిష్టం.

నెల్లూరు దగ్గరపడుతుండగా గుర్తొచ్చింది. ఆ కోడలికి ఎన్నో నెలో నేను అడగనేలేదు.