డొరతీ ఆంటీ ఈత నేర్చుకున్న వేసవి

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు వేసవి సెలవలంటే స్విమ్మింగ్ పూలే... అట్లాంటా శివార్లలో మా ఇళ్ళన్నిటికీ కలిపి ఒక పూల్ ఉండేది. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తేవాళ్ళం. స్టీలు డబ్బాలో మరమరాలు పోసుకుని అమ్మ వెనకే వచ్చేది.

అమ్మకి నీళ్ళంటే భయం. పక్కింటి డొరతీ ఆంటీకీ ఈత రాదు. ఆవిడ నల్లజాతి ఆవిడ, టీచరుగా చేసి రిటైరైంది. ఇద్దరూ గొడుగు కింద కూర్చుని మరమరాలు నములుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు నేనే అడిగాను... "ఆంటీ, మీరు చిన్నప్పుడు స్విమ్మింగ్ నేర్చుకోలేదా?"

ఆవిడ నీళ్ళకేసి చూస్తూ చెప్పింది.

"మా ఊరి పూల్‌లోకి తెల్లవాళ్ళనే రానిచ్చేవారు. నాకప్పుడు పదమూడేళ్ళు. మా స్కూలు పిల్లలం కొందరం వెళ్ళి, గేటు దగ్గర నిలబడి టికెట్లు అడిగాం. పోలీసులొచ్చి జైల్లో పెట్టారు."

అమ్మ డబ్బా పక్కన పెట్టేసింది. "అంత చిన్నపిల్లల్నా? మీ పేరెంట్స్ ఎలా పంపారు?"

"వాళ్ళు వెళ్తే ఉద్యోగాలు పోతాయి. మాకు పోవడానికి ఉద్యోగాల్లేవు కదా... అందుకే మేం వెళ్ళాం. జైల్లో భయమేసి పాటలు పాడుకున్నాం. నాతో వచ్చిన మా చెల్లెలు మాత్రం అమ్మ కావాలని ఒకటే ఏడుపు."

"మరి తర్వాత రానిచ్చారా?" అన్నాను.

"లేదమ్మా. మమ్మల్ని రానివ్వడం ఇష్టంలేక పూల్‌నే మట్టితో పూడ్చేశారు."

నల్లజాతివాళ్ళ హక్కుల పోరాటం అంటే మా స్కూలు పుస్తకంలో పెద్ద పెద్ద నాయకుల ఫొటోలే ఉండేవి. నాకంటే కాస్త పెద్ద పిల్లలు కూడా జైలుకెళ్ళారని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు...

మర్నాడు అమ్మ వెళ్ళి ఆవిడ తలుపు కొట్టింది. "మిస్ డొరతీ, నాకూ రాదు, మీకూ రాదు. ఇద్దరం క్లాస్‌లో జాయినవుదామా?"

అమ్మ చాలా రోజులు గట్టు వదల్లేదు. ఆంటీ మాత్రం పట్టుబట్టి నేర్చుకుంది. మొదటిసారి నీళ్ళ మీద వెల్లకిలా తేలిన రోజు, పైకొచ్చి తల తుడుచుకుంటూ మెల్లగా అంది... "మా చెల్లెలు ఉండుంటే బాగుండేది."

అమ్మ వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుంది, తడిబట్టలతోనే.

ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాను. పక్కింటివాళ్ళకి చెయ్యి ఊపి కారెక్కడమే తప్ప, వాళ్ళ పేరేమిటో కూడా ఇంకా అడగలేదు...

మీ పక్కింట్లో ఎవరుండేవారు? వాళ్ళు మీకేం చెప్పారు? రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.