స్టూలు లేని తొమ్మిదేళ్ళు

ఆ వీధిలో ఆవిడను అందరూ రీడింగులమ్మ అంటారు. అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో! వాతావరణ కేంద్రం పెరట్లో తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటుంది. దాని తలుపు తీసి, లోపలి థర్మామీటర్ చూసి, రిజిస్టర్లో అంకె వేయడం ఆవిడ ఉద్యోగం. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ముప్పై ఒక్క ఏళ్ళుగా. కూతురి పెళ్ళినాడు కూడా చుట్టాలను కూర్చోబెట్టి వెళ్ళి చూసొచ్చిందంటే ఇక చెప్పేదేముంది?

ఆవిడ పెట్టె తలుపు తీసే నిమిషానికే పదకొండు దేశాల్లో ఆవిడలాంటివాళ్ళు అలాంటి పెట్టెలే తెరుస్తారు. ఆ అంకెలన్నీ సముద్రాలవతల ఒక ఆఫీసుకు చేరతాయి. అక్కడ ఒకరి భాష ఒకరికి రాని శాస్త్రవేత్తలు వాటిని పక్కపక్కన పెట్టుకుని, రాబోయే ఏళ్ళలో ఎండ ఎంత ముదురుతుందో, ఏ ఊరివాళ్ళను ముందే హెచ్చరించాలో లెక్క కడతారు.

సోమవారం అక్కణ్ణుంచే ఉత్తరం వచ్చింది. ఆవిడ పై ఆఫీసరు ఫోన్లో చదివి వినిపించాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒకానొక వారంలో ఈ కేంద్రం వేడి ఉన్నట్టుండి అర డిగ్రీ లేచిందట. చుట్టుపక్కల ఏ కేంద్రంలోనూ అలా లేవలేదట. ఏం మారిందో శుక్రవారంలోగా చెప్పాలి. కారణం తెలియకపోతే ఇక్కడి ముప్పై ఒక్క ఏళ్ళ అంకెలూ లెక్కలోంచి తీసేస్తారు.

తీసేస్తారా? రీడింగులమ్మ బతుకంతా ఆ అంకెల్లోనే ఉంది.

మధ్యాహ్నం పెట్టె దగ్గరికి వెళ్ళింది. పెట్టె ఎత్తు, ఆవిడ పొట్టి. అలవాటుగా మెడ ఎత్తి పైకి చూసింది. చూస్తూ చూస్తూ అలాగే కొయ్యబారిపోయింది. "కన్నూ, పాదరసం గీతా ఒకే ఎత్తున ఉండాలమ్మా" అని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చెప్పారు. అందుకే ఒక స్టూలు కూడా ఇచ్చారు. ఆ స్టూలేది?

గదిలోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి ఎక్కింది. నేల మీంచి చూస్తే ముప్పై తొమ్మిదిన్నర. కుర్చీ మీంచి చూస్తే ముప్పై తొమ్మిది. దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. సరిగ్గా అర డిగ్రీ! గాజుగొట్టం ముందు, అంకెల పలక వెనక. కింద నుంచి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది మరి. కుర్చీలో కూలబడింది. తన అంకె నమ్మి ఏ ఊరిని హెచ్చరించారో, ఏ ఊరిని వదిలేశారో! అంత భయంలోనూ ఒక చిన్న ఆశ మాత్రం పుట్టింది. ఏటేటా మండిపోతోంది, మండిపోతోందని రాస్తున్నదంతా నిజం కాదేమో, తన పొట్టితనమేనేమో!

సంగతి చెబితే ఆఫీసరు తేలిగ్గా కొట్టిపారేశాడు.

"పెట్టె పక్కన చెట్టు కొట్టేశారని రాసి పడేద్దామమ్మా. వాళ్ళేమన్నా వచ్చి చూస్తారా ఏంటి? స్టూలు మాట బయటికొస్తే మీ ఉద్యోగం పోతుంది, నాకూ చివాట్లు పడతాయి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరింది.

మొగుడు దర్జీ. స్టూలు పట్టుకుపోయింది ఆ మహానుభావుడే. తన కొట్టుకు వచ్చినవాళ్ళు కూర్చోడానికి కావాలి, రేపు తెచ్చిచ్చేస్తానన్నాడు. ఆ రేపు తొమ్మిదేళ్ళయినా రాలేదు. వారం గొణిగి, ఆ తర్వాత ఆవిడా మరిచిపోయింది.

"ఏమే, నా స్టూలు పదకొండు దేశాల పీకల మీదికి తెచ్చిందా?" అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. మిషను ఆపాడు. "నేనే పట్టుకెళ్ళానని రాసెయ్. తిడితే నన్ను తిడతారు."

"మీ సంగతి అప్పుడే రాసే ఉంటాను లెండి" అంది ఆవిడ, తన నోటి మాటకు తనే ఉలిక్కిపడి.

ఆవిడకో అలవాటుంది. ఏ చిన్నది జరిగినా రిజిస్టరు అంచున రాసిపెడుతుంది. మర్నాడు బీరువాలో పాత రిజిస్టర్లన్నీ తిరగేసింది. దొరికింది. తన దస్తూరీయే: "స్టూలు మా ఆయన పట్టుకుపోయారు. నేల మీద నిలబడి చూశాను." కింద తారీఖు.

తప్పు అంకె పక్కన అబద్ధపు చెట్టు నాటడం ఆవిడ వల్ల కాలేదు. ఆ పేజీ ఫొటో తీసి, తన తప్పు తన మాటల్లోనే రాసి, శుక్రవారం కాకముందే పంపేసింది. ఆ తర్వాత పన్నెండు రోజులు అన్నం సహించలేదు. ఫోను మోగితే చాలు, చేతిలోది జారిపోయేది.

పదమూడో రోజు జవాబొచ్చింది. "ఇక భయం లేదమ్మా!" అన్నాడు ఆఫీసరు. ఆవిడ రాసిన తారీఖూ, అక్కడివాళ్ళ లెక్కలో వేడి లేచిన వారమూ ఒకటేనట. ఆనాటి నుంచి అర డిగ్రీ తగ్గించుకుని, అంకెలన్నీ ఉంచేశారట. అంచున రాసిపెట్టినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు కూడా చెప్పారు. ఏటేటి వేడినీ గీతలుగా చూపే బొమ్మ దిద్ది జత చేశారు.

దర్జీ ఆ పూటే స్టూలు భుజాన వేసుకొచ్చి పెట్టె ముందు దించాడు. ఆవిడ బొమ్మ చూస్తూ కూర్చుంది. పదకొండు దేశాల గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. తన గీతలో ఆ గెంతు లేదు. అయినా పైకే పోతోంది. మిగతావన్నీ కూడా పైకే పోతున్నాయి.

"గండం గడిచిందిగా, ఇంకా ఏడుపు మొహమెందుకే?" అన్నాడు దర్జీ.

"అంతా నా తప్పే అయ్యుంటే ఎంత బాగుండేదండీ" అంది.

మధ్యాహ్నం వేళయింది. స్టూలెక్కి, కన్నూ గీతా ఒకే ఎత్తున పెట్టుకుని చూసింది. రిజిస్టరు వెనక్కి తిప్పింది. నిరుడు ఇదే రోజున నేల మీంచి అర డిగ్రీ ఎక్కువగా చూస్తే ఎంతుందో, ఇవాళ స్టూలెక్కి సరిగ్గా చూసినా అంతే ఉంది.