కుంకుమంటిన చిల్లర

బోధన్‌ల మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ గోడ ఎనుక గల్లీల హన్మండ్లుది పిండిగిర్ని. నలభై ఆరేండ్ల మనిషి. పొద్దంతా గోధుమలు, జొన్నలు పట్టుడే పని. కని పానమంతా చిల్లర మీద. ఒకలకు పావురాల షోకు ఉంటది, ఒకలకు చేపల షోకు ఉంటది. హన్మండ్లుకు బిళ్ళలు ఏరే షోకు.

బ్యాంకుల, హోటళ్లల్ల, కిరాణా దుకాణాలల్ల నోట్లిచ్చి సంచులకొద్ది చిల్లర తెచ్చుకునేటోడు. మధ్యాహ్నం గిర్ని బంద్ చేసినంక పాత దుప్పటి పరిచి, ఒక్కొక్క బిళ్ళను అంచులు పట్టుకొని భూతద్దం కింద తిప్పి చూసేటోడు. టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టు గీత పడకుండ మెరిసేదో, అచ్చు తప్పి పడ్డదో, వేలల్ల ఒక్కటి దొరికితే ఆ దినం ఇంకో రొట్టె ఎక్కువ తినేటోడు. మిగిలినయన్ని మళ్ల బ్యాంకుకే.

పెండ్లాం రుక్మాబాయి దెగ్లూరు దిక్కు మనిషి. "ఆ మురికి బిళ్ళలను ఒకసారి చింతపండుతోటి తోమరాదా" అనేది.

"తోమితే బిళ్ళ సచ్చిపోతదే. సహజంగ ఉన్న మెరుపు పోతది. ఇగ దాన్ని ఎవ్వడు ముట్టడు" అనేటోడు.

పోయిన ఎండాకాలం ఒక సోమవారం, కిరాణా దుకాణం చిన్నయ్య స్కూటర్ మీద రెండు సంచులు తెచ్చి గిర్నిల దించిండు. మూడు వేల రూపాయల చిల్లర. హన్మండ్లు నోట్లిచ్చి, చెయ్యి పెట్టి చూసిండు. వేళ్ళకు కుంకుమ అంటింది. కర్పూరం వాసన, కొబ్బరినీళ్ళ జిగట.

"ఏడియి అన్నా ఇవి?"

"గుడి కమిటోళ్ళు ఇచ్చిండ్రు తీ. తీస్కో, మంచివుంటయి" అని చిన్నయ్య స్కూటర్ తిప్పుకొని పోయిండు.

హన్మండ్లు సంబురపడ్డడు. హుండీల పడ్డ బిళ్ళలు చేతులు మారకుండ, అరగకుండ ఉంటయని అతనికి ఎరికే. మంగళవారం మధ్యాహ్నం రెండో సంచిల దొరికిందది. రెండ్రూపాయల బిళ్ళ. ముందర మూడు సింహాలు, ఎనుకకు తిప్పితే మళ్ల అవే మూడు సింహాలు, అద్దంల చూసినట్టు ఎడమ కుడి మారి, లోపలికి గుంటలువడి. ముందు కొట్టిన బిళ్ళ అచ్చుకే అతుక్కొనుంటే, దాని కింద పడ్డ బిళ్ళకు ఇట్ల అయితది. ఏరేటోళ్ళు దాన్ని లఖీ అంటరు. పదకొండేండ్లల్ల హన్మండ్లుకు దొరికిన మొదటి లఖీ.

రుక్మాబాయికి చూపెడదామని లేచేసరికి ఆమెనే పేపర్ పట్టుకొని ఉరికొచ్చింది. "ఇది చదువు." ఆదివారం రాత్రి మాక్లూర్ దిక్కు ఒక గుడిల హుండీ పగలగొట్టి చిల్లరంత ఎత్తుకపోయిండ్రని ఉంది. పోలీసులు దుకాణాలల్ల అడుగుతున్నరట.

హన్మండ్లు ఎర్రగున్న తన వేళ్ళ దిక్కు చూసుకున్నడు.

"అరే దేవా! బకెట్ తెస్తున్న. తోమేద్దాం" అన్నది రుక్మాబాయి.

"తోమితే దొంగతనం నేనే చేసిన్నని ఒప్పుకున్నట్టు గాదా?"

ఆమె బకెట్‌ను మళ్ల మూలకు పెట్టింది.

సంచులను పిండిసంచుల నడుమ ఇరికించి చిన్నయ్య దుకాణానికి పోయిండు. చిన్నయ్య షట్టర్ సగం గుంజి లోపలికి పిలిచిండు. మొఖంల నెత్తురు లేదు.

"ఇద్దరు పొరుగూరోళ్ళు తెచ్చిండ్రు రా. తక్కువకు ఇస్తమంటే తీసుకున్న. నాకేం తెలుసు?"

"కమిటోళ్ళు అంటివి గదన్నా!"

"సూడు హన్మండ్లూ, నా పేరు దీస్తే మాత్రం నేనేం జెప్పాల్నో నాకు ఎరికే. ఊర్ల చిల్లర జమచేసేది ఎవడంటే అందరు నిన్నే చూపెడతరు."

తిరిగొస్తుంటే హన్మండ్లుకు ఎదురువచ్చిన ప్రతి మనిషీ తననే చూస్తున్నట్టయింది. గిర్ని ముందర పోలీసు మోటార్‌సైకిల్ ఆగి ఉంది. లోపల ఒక జవాన్, గోధుమల డబ్బా పక్కన పెట్టుకొని, సరిగ్గ ఆ రెండు సంచుల మీద కూసున్నడు.

"పట్టియ్యన్నా, ఇంటికాడ పిండి అయిపోయింది" అన్నడు జవాన్.

మోటర్ తిరుగుతుంటే హన్మండ్లు సగం గోధుమలు కిందనే పోసిండు. జవాన్ లేవబోతూ సంచిని చేత్తో ఒత్తి చూసిండు. "ఇదేందన్నా, రాయి లెక్క ఉంది?"

"ఇనుప ముక్కలు సార్. మోటర్‌వి."

నోట్లకెల్లి అబద్ధం వచ్చిపడ్డది. జవాన్ పైసలిచ్చి పోయిండు. హన్మండ్లు మోటర్ బంద్ చేసిండు. ఇంతదాక అతను ఏ తప్పూ చేయలే. ఇప్పుడు పోలీసాయనకు అబద్ధం చెప్పిండు. రేపు సంచి దొరికితే ఈ మాటొక్కటి చాలు.

"పోదాం, మనమే పోయి చెప్దాం. రేపు వాళ్ళొస్తే ఎవరింటరు?" అన్నది రుక్మాబాయి.

తెల్లారి సంచులు ఆటోల ఎక్కించేముందు హన్మండ్లు లఖీని అంగీ జేబులకెల్లి తీసిండు. మూడు వేల రూపాయల చిల్లరల రెండ్రూపాయలు తక్కువుంటే ఎవడడుగుతడు? రెండు నిమిషాలు దాన్నే చూసిండు. అటెనుక సంచి మూతి విప్పి, తన చేతిలనే లోపలికి వదిలిండు. అది చప్పుడుతోటి మిగతా బిళ్ళలల్ల కలిసిపోయింది.

ఠాణాల ఎస్సై నమ్మలేదు. "చిల్లర ఏరుకునుడేంది? పని లేదా? సోమవారం తీసుకొని ఇయ్యాల ఎందుకొచ్చినవ్?"

"భయమయింది సార్."

పొద్దుగాల తొమ్మిదింటికి బెంచి మీద కూసోబెడితే సాయంత్రం అయిదు దాక అక్కడనే. నిన్నటి జవాన్ లోపలికొచ్చి, అతన్ని గుర్తుపట్టి నిలబడ్డడు. హన్మండ్లు తనే లేచి, "నిన్న నేను అబద్ధం చెప్పిన సార్. ఇనుప ముక్కలు గాదు, ఆ సంచిల ఉన్నయి ఈ బిళ్ళలే" అన్నడు. జవాన్ ఎస్సై దిక్కు చూసిండు. "రాయించు, ఇది కూడ రాయించు" అన్నడు ఎస్సై.

చిన్నయ్య పేరు చెప్పక తప్పలేదు. చిన్నయ్యను పిలిపిస్తే ఆ ఇద్దరి ఆనవాళ్ళు చెప్పిండు. నాలుగు దినాలకు వాళ్ళు నందిపేట్ దగ్గర దొరికిండ్రు. చిల్లర కోర్టు నుంచి గుడికి, గుడి నుంచి బ్యాంకుకు పోయింది. లఖీ ఇప్పుడు ఎవరి జేబుల ఉన్నదో. హన్మండ్లును సాక్షిగ రాసుకున్నరు. కోర్టు కాగితం ఎప్పుడొస్తదో అని పోస్టుమ్యాన్ గల్లీల తిరిగితే ఇంకా పని ఆపి బయటికొచ్చి చూస్తడు. ఎదురుపడితే చిన్నయ్య మొఖం తిప్పుకుంటడు.

నాలుగు నెలలు హన్మండ్లు బిళ్ళ ముట్టలే. వానలు తగ్గినంక ఒకనాడు బ్యాంకుల నోట్లు కట్టి, రశీదు తీసుకొని, ఒక చిన్న సంచి తెచ్చిండు. రశీదును రుక్మాబాయి దేవుని పటం ఎనుక దాచింది. ఈసారి ఆమె కూడ దుప్పటి మీద కూసున్నది.

పావుగంటకు గల్లీల జీపు చప్పుడు వినబడ్డది. ఇద్దరి చేతులు ఆగినయి. జీపు గిర్ని ముందర మెల్లగయింది, హారన్ కొట్టింది, మలుపు తిరిగి పోయింది. అటెనుక రుక్మాబాయి ఒక రూపాయి బిళ్ళను అంచులు పట్టుకొని వెలుతురుకు ఎత్తింది.

"దీని మీద గీతలున్నయి గదా?"

"ఉన్నయి. పక్కకు పెట్టు" అన్నడు హన్మండ్లు.