చెవిలో దూది

పత్తి మిల్లుకు పోయే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. లోపల అడుగు పెట్టగానే కింద రాలిన దూది చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య ఉండ చేసి, రెండు చెవుల్లోనూ కుక్కుకునేవాళ్లు. మా అమ్మ కూడా అంతే. సాయంత్రం ఇంటికొచ్చాక కాళ్లూ మొహం కడుక్కునేది గానీ చెవుల్లో దూది సంగతి మరిచిపోయేది. పిలిస్తే పలికేది కాదు. దగ్గరికి వెళ్లి ఆ ఉండ లాగేసి, "ఇప్పుడన్నా వినపడతందా తల్లీ?" అని వెక్కిరించేదాన్ని. చిలకలూరిపేటలో మా వీధి మొత్తానికి గట్టిగా మాట్లాడుకునే ఇల్లు మాదే. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు మేం రోజూ పోట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్లు.

నేను అప్పట్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే షాపులో పనిచేసేదాన్ని. పెళ్లికూతురి మొహం చుట్టూ గులాబీ పువ్వులు తిప్పడం నా ఉద్యోగం. ఆ కంప్యూటర్‌లోనే సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే, పనిలేని మధ్యాహ్నాలు కెలికి కెలికి నేర్చుకున్నాను. ఏ వాయిద్యమూ పట్టుకోవడం రాని నాకు మౌస్‌తో డ్రమ్ములు మోగించడం వచ్చేసింది.

శివరాత్రికి మా వైపు ఊరూరా ప్రభలు కడతారు. తాటిచెట్లను మించిన ఎత్తులో చట్రం కట్టి, దాని నిండా కరెంటు బల్బులు బిగించి, కింద సౌండ్ బాక్సులు పేర్చి తిరనాళ్లకు తోలుకెళతారు. మా ఊరి మోత పెద్దదంటే మా ఊరిది పెద్దదని పోటీలు. ఆ బాక్సులు అద్దెకిచ్చే మైక్‌సెట్ ఆయన నా బీట్లు సీడీలో ఎక్కించుకుని వెళ్లేవాడు. ఒకరోజు షాపులోనే కూర్చుని విన్నాడు.

"అమ్మాయ్, ఏమనుకోబాక. ఇట్టాంటియ్యి బెజవాడ నుంచి బోలెడు వస్తన్నయ్యి. ఇందులో నువ్వు యాడున్నావు?"

ఒళ్లు మండింది, నిజం గనక. ఎవరో చేసింది వినడం, నక్క పులిని చూసి వాతలు పెట్టుకున్నట్టు నేనూ చేయడం, దానికి నా పేరు పెట్టుకోవడం. నాదంటూ ఒక్క దెబ్బ కూడా లేదని నాకూ తెలుసు. కొన్నాళ్లు కంప్యూటర్ ముట్టుకోబుద్ధి కాలేదు.

అలాంటి రోజుల్లో అమ్మ క్యారియర్ మరిచిపోయి వెళితే ఇవ్వడానికి మిల్లు గేటు దగ్గరికి వెళ్లాను. రేకుల గోడ అవతల, గింజల నుంచి దూది విడదీసే మిషన్లు వరసగా ఆడుతున్నాయి. పుట్టినప్పటినుంచీ విన్న మోతే. ఆరోజు మాత్రం అందులో రెండు మిషన్ల దెబ్బలు విడిగా తెలిశాయి. ఒకటి ఇంకోదానికన్నా కాస్త వెనక పడుతుంది. పోనుపోను దూరమై, మళ్లీ వచ్చి కలుస్తుంది. కలిసిన చోట నా ఒళ్లు ఝల్లుమంది. క్యారియర్ పట్టుకుని ఎండలో అలాగే నిలబడిపోయాను.

బయటివాళ్లను లోపలికి రానివ్వరు. అందుకని అరచేతిలో ఇమిడే టేపు రికార్డరు తెచ్చి అమ్మకిచ్చాను.

"ఏందే, మిల్లు మోతను క్యాసెట్టు చేస్తావా? దాన్నెవురు వింటారే!" అని పడీపడీ నవ్వింది. అయినా పట్టుకెళ్లింది.

మొదటి క్యాసెట్టంతా బుసబుసలే. సంచిలో తువ్వాలు కింద పెట్టిందట. తర్వాతిది అన్ని మిషన్ల గోలా కలగాపులగం. తిరనాళ్ల ముంచుకొస్తోందని నాకు విసుగొచ్చింది. "యాడబడితే ఆడ పెడితే ఎట్టమ్మా? ఏది బాగా పలుకుతుందో నువ్వే విని, దాని పక్కన పెట్టు" అని కసిరాను.

ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లు అచ్చం నేను కోరుకున్నట్టే ఉన్నాయి. అమ్మ ఉత్సాహంగా చెప్పేది. "మధ్యదాని రోలరుకు కొత్త తోలు చుట్టారు, మెత్తగా కొడతంది. చివరిదుందే, అది కీచుమని కూసి గుటక మింగుద్ది. నీకదే నచ్చుద్ది చూడు."

నాకదే నచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మను పిలిస్తే పలకలేదు. అలవాటుకొద్దీ దూది లాగబోయాను. చెవిలో దూది లేదు. రెండో చెవిలోనూ లేదు.

నాకు వెంటనే అర్థమైంది. దూది పెట్టుకోమ్మా అని నోటిదాకా వచ్చింది. పెట్టుకుంటే ఏ మిషను ఎలా పలుకుతుందో తెలియదు కదా. తిరనాళ్ల అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను.

ఆ ఏడు ప్రభ కింద నా బీటు మోగితే జనం ఊగిపోయారు. మైక్‌సెట్ ఆయన జనంలోంచి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఇదిగో, ఇదమ్మా నీది" అన్నాడు. అప్పటినుంచి మిల్లు బీటు కావాలని నరసరావుపేట నుంచీ ఒంగోలు నుంచీ వచ్చేవాళ్లు. తర్వాత హైదరాబాద్ నుంచి కూడా పిలుపులు వచ్చాయి. అమ్మకు దూది సంగతి చెప్పాను కూడా. "నీకు పనికొచ్చే మోత ఏదన్నా దొరుకుద్దేమోనని పెట్టుకోవట్లేదులే" అంది. నేను గట్టిగా చెప్పలేదు. గట్టిగా మాట్లాడే ఇంట్లో పుట్టి, ఆ ఒక్క మాట గట్టిగా చెప్పలేదు.

కొన్నేళ్లకు అమ్మకు వినికిడి బాగా తగ్గిపోతే గుంటూరులో చెవి డాక్టరుకు చూపించాను. ఏళ్ల తరబడి మోతలో ఉన్నవాళ్లకు ఇలాగే అవుతుందని, ఫలానా రోజుల వల్లేనని చెప్పలేమని అన్నాడు. ఆ మాట పట్టుకుని బయటపడాలని చాలా ప్రయత్నించాను. కానీ నేను చూశానే, ఆ ఖాళీ చెవులు!

మిల్లు మానేయమంటే అమ్మ మానలేదు. ఇప్పుడు దూది కూడా అక్కర్లేదని నవ్వేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో కొత్త బీటు కడుతుంటే వచ్చి బాక్సు మీద అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుని కాసేపు నిలబడింది.

"చివరి మిషను గదూ?"

"అవునమ్మా!" అని అరిచాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. "నాకు సగమే తెలుస్తంది. బాగా పలికిందా లేదా? నువ్వే విని చెప్పు."

బాగుందని చెప్పబోతుంటే కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. అమ్మ నా మొహంలోకి చూసింది.

"బాగా రాలేదంటే ఏడుస్తావేందే? రేపు ఇంకోటి పట్టుకొస్తాలే" అంది.