అరువు తెచ్చిన నెమరు

మా చిన్నప్పుడు... ఏరువాక పున్నమి నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, కడుపునిండా పెట్టేవాళ్లం. ఆ ఏడు నాకు ఉత్సాహం ఎక్కువైంది. అమ్మ చూడకుండా గుమ్మిలోంచి జొన్నలు మానికతో తోడి, గంపనిండా పోసి మా పుల్లెద్దు ముందు పెట్టాను.

పాన్‌గల్ దగ్గర పల్లె మాది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పండుగ పూట ఎద్దుకు ఏదో పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను... అది గంప అడుగు దాకా నాకేసింది.

మర్నాడు పొద్దున పుల్లెద్దు లేవలేదు. డొక్క ఉబ్బింది. కుడితి గోలెం వైపు తలైనా తిప్పలేదు. నెమరు ఆపేసిందని చెప్పి నాయిన అక్కడే కూలబడ్డాడు. వాన పడింది, విత్తనం వేయాలి, ఒంటెద్దుతో నాగలి కదలదు. అమ్మేమో దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను మాత్రం గుంజ చాటుకు జారుకున్నాను. జొన్నల సంగతి బయటపడితే వీపు విమానం మోత మోగుతుందని భయం...

అప్పుడు పక్కింటి ఖాసిం మామ వచ్చాడు. మా చెలక పక్కనే కౌలు చేసేవాడు. పశువుల సంగతి ఆయనకు తెలిసినంత మా వాడలో ఇంకెవరికీ తెలియదు. ఎద్దు నోరు వాసన చూశాడు, పులిసిన కంపు. గుంజ చాటున నక్కిన నన్నూ చూశాడు. పెరట్లోకి తీసుకుపోయి మెల్లగా అడిగాడు.

"ఏం పెట్టినవ్ బిడ్డా? జర నిజం చెప్పు. నువ్వు చెప్తెనే అది బతుకుతది."

చెప్పేశాను. ఆయన తిట్టలేదు, నాయినకూ చెప్పలేదు. ముందు వెదురు గొట్టంతో సోడా ఉప్పు కలిపిన నీళ్లు తాగించాడు. ఆ తర్వాత చేసిన పనికి నా ఒళ్లు జలదరించింది... తన ఎద్దును తోలుకొచ్చి, అది నెమరు వేస్తుండగా నోట్లో చెయ్యి పెట్టి, నములుతున్న పచ్చటి ముద్దను గుంజుకుని, తీసుకెళ్లి పుల్లెద్దు గొంతులోకి తోశాడు. మా ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టుకుంటేనే అమ్మ ఊరుకోదు. అది ఎంగిలి కదా మామా అన్నాను.

"గా ఎంగిలే మందు బిడ్డా. పెరుగు తోడుకు మీ ఇంటికి మేం వస్తలేమా? గిది గూడ గంతే."

మూడు రోజులు అలాగే చేశాడు. మూడో రోజు సాయంత్రం పుల్లెద్దు దవడ కదిలింది... నాయిన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇన్నేళ్లూ అదేదో మొరటు వైద్యమనుకున్నాను. నిన్న మా తమ్ముడి ఆవు పెళ్లింట్లో మిగిలిన అన్నం తెగ తిని, అచ్చం అలాగే పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. ఆయన చెప్పిన మాటలకు నాకు దిమ్మ తిరిగిపోయింది.

గడ్డిని అరిగించేది ఆవు కాదట... దాని కడుపులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లకు కోట్లు, ఒక ఊరు ఊరంతా కాపురం ఉంటాయట. గడ్డి పీచును కొన్ని విరగ్గొడితే, అవి వదిలినదాన్ని ఇంకొన్ని తింటాయట. చివరికి మిగిలిందే ఆవుకు బలమట. గింజలు గానీ అన్నం గానీ ఒక్కసారిగా మీద పడితే పులుపు పుట్టించేవి పెచ్చరిల్లి మిగతావాటిని చంపేస్తాయట. ఆరోగ్యంగా ఉన్న పశువు నెమరులో ఆ జీవులు మళ్లీ దొరుకుతాయట.

అంటే ఆ రోజు గంపెడు జొన్నలతో నేను ఎంత పని చేశాను... ఖాసిం మామకు సూక్ష్మజీవి అనే మాటే తెలియదు. నువ్వు చేసిందే సరైన వైద్యమట మామా అని చెబుదామంటే ఆయన లేడు.

మంచి నెమరు దొరికితే పట్టుకు రమ్మన్నాడు డాక్టరు. అదెంత పని అనుకున్నాను. తమ్ముడు పొద్దున్నుంచి ఊరంతా తిరిగాడు. ఖాసిం మామ కొట్టంలో ఇప్పుడు ఆయన కొడుకు ట్రాక్టరు ఉంది. గొర్ల మందలు మేతకు కృష్ణ ఒడ్డుకు పోయాయి. ఉన్నవి రెండే బర్రెలు, వాటికి పొదుగువాపు సూదులు నడుస్తున్నాయి. వాటి నెమరు వద్దన్నాడు డాక్టరు... ఆ మందు రోగంతో పాటు కడుపులో ఉన్న మంచి జీవులనూ తుడిచిపెడుతుందట.

ఇంటింటికీ కాడెడ్లున్న ఊరు మాది. ఇవాళ నెమరు వేసే నోరు ఒక్కటీ దొరకడం లేదు... నమ్మలేకపోతున్నాను.

మీ ఎడ్ల ముచ్చట్లు రాయండి, తీరిగ్గా అన్నీ చదువుతాను. కానీ ముందు... పాన్‌గల్, వనపర్తి, బిజినేపల్లి వైపు ఎవరింట్లోనైనా మందులు వాడని ఆవో ఎద్దో ఉంటే దయచేసి కింద కామెంట్లో చెప్పండి. మా ఆవు ఇంకా లేవలేదు.